ఆరున్నొకటి

షెడ్డు నుంచి,
ఫిబ్రవరి

అమ్మమ్మకు,

బండి చేరింది. దించేటప్పుడు లారీవాడు వెనక బంపరు మీద ఒక గీత పెట్టి, "పాత బండే కదమ్మా" అని నన్నే ఓదార్చాడు. లారీ వెళ్లాక మా ఆయన ఆ గీతను వేలితో తడుముతూ అన్నం చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాడు.

తాతయ్య పోయాక ఎవరినీ ముట్టుకోనివ్వని బండిని మాకిచ్చావు. దాన్ని పాడు చేయనని నా మాట. వానలు తగ్గాక కొండ రోడ్డు మీద జరిగే ర్యాలీలో దీనితోనే దిగుతున్నాం. ఎప్పట్లాగే అతను నడుపుతాడు, నేను పక్క సీట్లో కూర్చుని ముందున్న మలుపులు చదివి చెబుతాను. పోయినసారి, పొడుగాయన అని మేం పిలుచుకునే పాత పోటీదారు చేతిలో రెప్పపాటు తేడాతో ఓడిపోయాం. అప్పట్నుంచి మా ఆయన అద్దంలో చూసుకుంటూ "ఏం రెండోవాడా, లేచావా?" అని తనను తానే పలకరించుకుంటున్నాడు. మొదట్లో నవ్వొచ్చేది.

పాత ఇంజను మొత్తం విప్పి, సిలిండర్లు తొలిచి, కొత్త పిస్టన్లు వేసి, టర్బో పెడతాం. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితోనే ఒక పంకా తిప్పి, ఇంజనులోకి అదనంగా గాలి కూరడం. బలం దాదాపు రెట్టింపవుతుంది. ఆ బలమంతా పిస్టన్లను కింద తిరిగే ఇరుసుకు, అంటే క్రాంకుకు, కలిపే నాలుగు రాడ్లు మోయాలి, రాడ్డుకు రెండు బోల్టులు.

డిక్కీలో ఒక డబ్బా దొరికింది. ఆయిలు గుడ్డలో చుట్టిన ఎనిమిది బోల్టులు, కంపెనీవి కావు. తాతయ్య ప్రత్యేకంగా గట్టి ఉక్కుతో చేయించినవే కదా? కంపెనీ బోల్టులను రెంచీ ముల్లు ఐదున్నర చూపేదాకా బిగించమని పుస్తకంలో ఉంది. వీటిని ఎంతకు బిగించాలి? అది నీకు తప్ప ఇంకెవరికీ తెలియదని అమ్మ అంది.

నీ మేస్త్రి


ఇంటి నుంచి,
మార్చి

చిరంజీవి మేస్త్రికి,

ఇక్కడ అందరూ క్షేమం. అందరూ అంటే నేనే. మోకాళ్లు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి గానీ, నాతో మాత్రం తెగ మాట్లాడుతున్నాయి.

మీ ఆయనకు పెళ్లిపందిట్లోనే గాలిదొర అని పేరు పెట్టాను. అప్పుడు మీ అమ్మకు కోపం వచ్చింది. ఇప్పుడు ఇంజనులోకి కూడా గాలి కొడతానంటున్నాడు కాబట్టి పేరు సార్థకమైంది.

ఆ బోల్టుల అంకె నాకు తెలుసు. మీ తాతయ్య రెంచీ పట్టుకుంటే దాని ముల్లు ఎక్కడుందో చదివి చెప్పేది నేనే. ఆయనకు దగ్గరి చూపు లేదు, నాకు దూరపు చూపు లేదు, సంసారం అలా గడిచిపోయింది. అంకె తెలుసు గానీ చెప్పను.

ఎందుకంటావా? ఆ బోల్టులు చేయించి, పరీక్షించి, తీరా బిగించాల్సిన రోజున ఆయన వాటిని గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేశాడు. "ఏమైందండీ, ఆగవా?" అన్నాను. "బోల్టు ఆగుతుంది. నడిపేవాడే ఆగడు" అన్నాడు. చేతులు కడుక్కుని భోజనానికి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఊసే లేదు.

పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఇంజను వేగం రెట్టింపైతే రాడ్డు మీద పడే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇది బళ్లో ఎంతమందికి చెప్పినా పరీక్షలో సగం మంది రెట్టింపనే రాసేవారు. మీ ఆయన ఆ సగంలోవాడని నా అనుమానం.

పాత ఇంజనును ఉన్నదున్నట్టు బాగుచేసి, చక్కగా షికార్లు తిరగండి. సిలిండరు గోడలు చూసేటప్పుడు వేలిగోరుతో గీకి చూడు, కంటిని నమ్మకు.

అమ్మమ్మ


షెడ్డు నుంచి,
మే

అమ్మమ్మకు,

గోరుతోనే చూశాను. ఎక్కడా పగులు లేదు. సిలిండర్లు తొలిపించాం, పిస్టన్లు వచ్చాయి. టర్బో గోడవార బల్ల మీద నత్తగుల్లలా కూర్చుని ఉంది.

నీకు రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. అతను మంచం షెడ్డులో వేసుకున్నాడు. భోజనం దగ్గర ఉన్నట్టుండి "తర్వాత?" అంటాడు. అంటే కొండ రోడ్డు మీద ఆ తర్వాత వచ్చే మలుపేదో నేను చెప్పాలి. "ఎడమ, బిగుతు మలుపు, వంతెన" అంటే తల ఊపి తింటాడు. మొన్న ధ్యాస ఎక్కడో ఉండి "తర్వాత మజ్జిగ" అన్నాను. చెంచా కింద పెట్టేశాడు. "నువ్వు నన్ను లోయలో పడేశావు" అన్నాడు, చాలా మెల్లగా. ఆ పూట ఇంకేమీ తినలేదు.

ర్యాలీ అయిపోతే మామూలు మనిషవుతాడు. పోయినసారీ ఇలాగే ఉన్నాడు, ఇంత కాదనుకో.

అంకె సంగతి. నువ్వు చెప్పకపోతే చేతి అంచనాతో బిగిస్తానంటున్నాడు. "ఇనుమే చెబుతుంది, చాలని" అంటున్నాడు. ఇనుము ఏమీ చెప్పదు, విరిగేటప్పుడు తప్ప. ఆ బండిలో నేనూ ఉంటానమ్మమ్మా.

నీ మేస్త్రి


ఇంటి నుంచి,
మే

మేస్త్రీ,

నీ ఆఖరి వాక్యం చదివాక నా పంతం పంతంలా కనపడలేదు, మూర్ఖత్వంలా కనపడింది. చెప్పకపోతే మానేస్తారనుకున్నాను. మానని పని సవ్యంగా చేయడమే మేలు.

బోల్టు మర చుట్లకు ఆయిలు రాయి. ఒక్కో రాడ్డుకున్న రెండు బోల్టులనూ వంతులవారీగా, మూడు విడతలుగా బిగించు. ఆఖరి విడత ఆరున్నొకటి. అంతకు మించి పోవద్దు, తక్కువా వద్దు. మీ తాతయ్య అదే ఉక్కు బోల్టులు ఎన్నో విరగ్గొట్టి తేల్చిన లెక్క అది. రెంచీ నువ్వే పట్టుకో, గాలిదొర చేతికివ్వకు. అతను కావాలంటే పక్కన నిలబడి గాలి విసరమను.

ఇంకో మాట. మనిషి చెంచా కింద పెట్టడం చిన్న విషయం. ఆ చెంచా వంక చూస్తూ నువ్వు తినడం మానేశావా లేదా అన్నది పెద్ద విషయం. దానికి జవాబు రాయి.

అమ్మమ్మ


షెడ్డు నుంచి,
ఆగస్టు

అమ్మమ్మకు,

ఇంజను లేచింది! కూర్చి, బండిలో దించి, నిన్న మొదటిసారి రోడ్డెక్కించాం. వెనక్కి సీటులోకి తోసేసినట్టు పోయింది. నాకు నవ్వో ఏడుపో తెలియలేదు. మా ఆయన మాత్రం చిన్నపిల్లాడిలా స్టీరింగును ముద్దు పెట్టుకున్నాడు. చాలా కాలం తర్వాత నన్ను కూడా.

బోల్టులు నేనే బిగించాను, నువ్వు చెప్పినట్టే మూడు విడతల్లో. తాతయ్య ఎంత నాజూకుగా లెక్కేశాడు అమ్మమ్మా! పుస్తకం ఐదున్నర అంటే ఆయన ఆరు కాదు, ఆరుంబావు కాదు, సరిగ్గా ఆరు మీద ఒక్క పదోవంతు అన్నాడు. ముల్లు ఆ సన్నగీత మీద నిలిచేదాకా ఊపిరి బిగబట్టాను. అంత ఖచ్చితమైన మనిషి చేతి కింద పని నేర్చుకునే వయసు నాకు అప్పుడు లేకపోయింది.

ఒక చిన్న చప్పుడు వస్తోంది. ఇంజను బాగా వేడెక్కి, గట్టిగా తిరుగుతున్నప్పుడు మాత్రమే, టిక్కు టిక్కుమని. వాల్వుల సందు సరిచేస్తే పోతుందంటున్నాడు. సరిచేశాను, పోలేదు. "కొత్త చెప్పులు కూడా కిర్రుమంటాయి" అన్నాడు.

ర్యాలీ వచ్చే నెల మొదటి ఆదివారం. నువ్వడిగిన దానికి జవాబు, ఈమధ్య బాగానే తింటున్నాను.

నీ మేస్త్రి


ఇంటి నుంచి,
ఆగస్టు

మేస్త్రీ,

ఇది నీకు చేరేలోపు నా తంతి చేరి ఉండాలి. చేరకపోతే, చదువుతున్న ఈ చోటు నుంచే వెళ్లి బండి తాళంచెవి దాచెయ్యి. తర్వాత మిగతాది చదువు.

ఆరున్నొకటి అంటే ఆరు మీద పదోవంతు కాదే తల్లీ. ఆరూ, ఇంకొకటీ. ఏడు!

మీ తాతయ్య షెడ్డులో ఆ మాట పలకనిచ్చేవాడు కాదు. ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందట, పనిముట్టు చేతిలో ఉండగా అనకూడదట. గింజలు కొలిచే రోజుల నుంచీ ఉన్న మాట, ఏడు దగ్గరికి రాగానే ఆరున్నొకటి అని దాటేయడం. నేనేమో సైన్సు టీచర్ని, మొదట్లో నవ్వాను. తర్వాత నాకే అలవాటైపోయింది. నోటికి అలవాటైంది కాస్తా కలానికి కూడా అంటుకుంది. నిన్ను పరాయి భాష బడిలో వేసినప్పుడు లెక్కలు బాగా వస్తాయన్నారు. వచ్చాయి. దశాంశాలతో సహా వచ్చాయి. ఆరున్నొకటి మాత్రం రాలేదు. అది నేర్పాల్సింది ఇంట్లో, అంటే నేను.

నీ ఉత్తరంలో ఆ పదోవంతు చూడగానే చెప్పులు తారుమారుగా తొడుక్కుని తంతి ఆఫీసుకు వెళ్లాను. "బోల్టులు ఏడు. ఇంజను తిప్పొద్దు. అమ్మమ్మ" అని రాసిచ్చాను. ఆ గుమాస్తా కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"పోయినవారి పేరు రాయలేదండీ" అన్నాడు.

"ఎవరూ పోలేదు నాయనా. పోకూడదనే."

"మరి ఏడవమంటున్నారు?"

"నువ్వు పంపు. ఏడవాల్సి వస్తే నీకూ కబురంపిస్తాను" అన్నాను. పాపం, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. బోల్టు తక్కువ బిగిస్తే గట్టి ఉక్కు కూడా పనికిరాదు. ఇంజను తిరిగిన ప్రతిసారీ ఆ కీలు వెంట్రుకవాసి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. బోల్టు లాగుడుకు సాగుతుంది, ఒకనాడు తెగుతుంది. తెగిన రాడ్డు ఇంజను గోడను బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది, ఆయిలంతా చక్రాల కిందికి పోతుంది. అది కొండ మలుపులో జరిగితే ఏమవుతుందో మలుపులు చదివేదానివి, నీకు చెప్పక్కర్లేదు. ఆ టిక్కు కొత్త చెప్పుల కిర్రు కాదు. విప్పి చూడు.

అమ్మమ్మ


షెడ్డు నుంచి,
ఆగస్టు

అమ్మమ్మకు,

తంతి అతని చేతికే అందింది. పైకి చదివి పడీ పడీ నవ్వాడు. "బోల్టులు ఏడట! ఎనిమిదున్నాయిగా. ముసలావిడకి లెక్కైనా తప్పి ఉండాలి, మనల్ని కూర్చుని ఏడవమనైనా అయ్యుండాలి" అన్నాడు. నేను నవ్వలేదు. నాకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది, ఆరున్నొకటి అంటే ఆరూ ఒకటీ, ఏడని.

"విప్పాలి" అన్నాను.

"ర్యాలీ ముందా? నడుస్తున్న ఇంజను విప్పితే పాపం తగులుతుంది" అని ఈల వేసుకుంటూ వెళ్లాడు.

మర్నాడు అతను ర్యాలీకి పేర్లు నమోదు చేయించడానికి వెళ్లినప్పుడు బండిని పైకెత్తి, ఆయిలు దించి, ఇంజను కింద ఆయిలు నిలిచే చాంబరు విప్పాను. మూడో రాడ్డు నట్టు మీద స్పానరు పెట్టి, గట్టిగా ఉంటుందని భుజం సిద్ధం చేసుకున్నాను. మణికట్టు తిప్పితేనే వచ్చేసింది. బోల్టు తీసి పక్కదానితో కొలిస్తే కొంచెం పొడుగుంది, సాగిపోయింది. బేరింగు రేకు వీపు అద్దంలా మెరుస్తోంది. కదలకూడనిది లోపల కదులుతూనే ఉంది. మేము దాని మీద కూర్చుని నవ్వుకుంటూ తిరిగాం.

అతను వచ్చేసరికి బోల్టులు రెండూ గుడ్డ మీద పక్కపక్కన పెట్టి చూపించాను.

"సాగితే ఏం? మళ్లీ బిగించు. ఈసారి ఏడుకే బిగించు, మీ అమ్మమ్మ ముచ్చట తీరుతుంది."

"అది రబ్బరు కాదు. సాగిన ఉక్కు పనికిరాదు. ఇలాంటివి ఇంకో జత లేదు."

"కంపెనీ బోల్టులు వేయి."

"ఈ బలానికి అవి ఆగవు."

"ఆగకపోతే నువ్వు పక్కనే ఉంటావుగా, చూద్దువుగాని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడమ్మమ్మా. కోపంగా అని ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

అందుకే ఈ పార్శిలు. పిండి డబ్బాలో ఉన్నది మూడో రాడ్డు కింది సగం, క్రాంకును పట్టి ఉంచే ముక్క. తాతయ్య టోపీ అనేవాడే, అదే. రాడ్డునూ దాని టోపీనీ కలిపి బిగించి ఒకేసారి గుండ్రంగా తొలుస్తారు కనుక ఒకదాని టోపీ ఇంకోదానికి పట్టదు. ఇది లేకుండా ఆ ఇంజను కూర్చలేరు. ర్యాలీ దాటేదాకా నీ దగ్గర దాచు, ఎవరడిగినా ఇవ్వకు. అతనికి ఇంకా తెలియదు. తెలిశాక ఏమంటాడో ఊహించుకోవడం మానేశాను.

నీ మేస్త్రి


షెడ్డు నుంచి

పూజ్యులైన అమ్మమ్మగారికి,

మీ ఆరోగ్యం కులాసా అని తలుస్తాను. మీ మనవరాలు తొందరపాటులో చిన్న ఇనుపముక్క ఒకటి మీకు పంపింది. అలిసిపోయింది, నిద్ర చాలడం లేదు. నేనే వచ్చి తీసుకుంటాను. మీరు శ్రమపడి ఎదురుచూడక్కర్లేదు, గుమ్మం బయట పెట్టినా చాలు. ఆమెను తీసుకురావడం లేదు, ఇంట్లోనే విశ్రాంతి తీసుకోమన్నాను.

మీ ఆశీస్సులు కోరుతూ,
గాలిదొర

(మీరు పెట్టిన పేరు నాకు మొదటినుంచీ తెలుసు.)


చేతికిచ్చే ఉత్తరం

మేస్త్రీ,

ఇది పోస్టులో వేయడం లేదు. వేస్తే ముందు ఎవరి చేతిలో పడుతుందో తెలుసు. రేపు ఉదయం బస్సులో నేనే తెస్తున్నాను. నువ్వు తలుపు తీసినప్పుడు నేను నా మోకాళ్ల గురించి మాట్లాడుతూ దీన్ని నీ చేతిలో పెడతాను. అతను పక్కనే ఉంటాడు కనుక మొహం మామూలుగా ఉంచు. స్నానాల గదిలోకి వెళ్లి చదువు.

అతను వచ్చి వెళ్లాడు. వస్తున్నానని అతను రాసిన చీటీ అందిన రోజే నేను ఆ టోపీని మీ తాతయ్య బల్లకున్న వైసులో బిగించి, రాడ్డుకు ఆనే ముఖాలు రెండూ ఆకురాయితో అరగదీశాను. మీ తాతయ్య చేతిపని మీద ఆకురాయి వేయడం సుఖంగా ఏమీ లేదు. కళ్లు మసకబారితే కళ్లజోడు తుడుచుకున్నాను, తప్పు కళ్లజోడుది కాకపోయినా. ఇక అది గుండ్రంగా కూర్చోదు.

అతను వచ్చి, చెప్పులు వరసగా విప్పి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. టీ ఇచ్చాను. డబ్బా ముందు పెట్టాను. మూత తీసి, టోపీని వెలుగుకేసి పట్టుకుని, అరిగిన చోట బొటనవేలితో నిమిరాడు.

"బాగా అరగదీశారండీ" అన్నాడు. "ఈ వయసులో ఇంత ఓపిక!"

"ఓపిక ఉంది నాయనా. ఇంకా కొంచెం మిగిలింది కూడా."

అప్పుడు తన సంచీలోంచి గుడ్డ చుట్టిన వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు. నిండు రాడ్డు, దాని టోపీతో సహా. తుక్కు దుకాణంలో ఇదే రకం బండిలోంచి విప్పించాడట. మిగతా మూడూ మీ తాతయ్య సానబట్టి ఒకే బరువుకు తెచ్చినవి, ఇది ఎవరిదో, ఎంత బరువో, ఎన్నేళ్లు వానలో నానిందో. బోల్టులు అన్నింటికీ కంపెనీవేనట. టర్బో గాలి మాత్రం తగ్గించడట, పొడుగాయన కొత్త బండి తెచ్చాడు కాబట్టి ఇంకాస్త పెంచుతాడట.

"ఇది దొరికాక మరి ఇంత దూరం ఎందుకు వచ్చావు?" అన్నాను.

"మీరు నాకు ఇస్తారో ఇవ్వరో చూద్దామని."

"ఇచ్చానుగా."

"ఇచ్చారు" అని నవ్వాడు. టీ కప్పు తనే కడిగి బోర్లించాడు. చెప్పులు వేసుకుంటూ, "పక్క సీటుకు కొత్త బెల్టు వేయించానండీ, నాలుగు చోట్ల బిగుస్తుంది. మీరేం బెంగపడొద్దు" అన్నాడు.

మనవరాలా, నీ మొగుడు చెడ్డవాడని నేననడం లేదు. చెడ్డవాడైతే నన్ను చూసి జంకేవాడు, నాలుగు మాటలకు పడేవాడు. ఇతనికి ఇప్పుడు మనుషులు కనపడటం లేదు, రోడ్డే కనపడుతోంది. అతన్ని ఆపడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. అయితే మలుపులు చదివే మనిషి పక్కన లేకుండా బండిని ఆ కొండ ఎక్కనివ్వరని నువ్వే ఒకసారి చెప్పావు. కాబట్టి ఆపాల్సింది ఇంజనును కాదు, ఆ సీటును.

చదివాక దీన్ని చింపి నీళ్లలో వదిలేయి. నీ బట్టలు, మలుపుల కాగితాలు ఒక సంచీలో వేసుకో. కాగితాలు మరవకు, అవి లేకుండా ఆ సీట్లో ఇంకెవరు కూర్చున్నా పనికిరారు. వెనక తలుపు గుండా వీధిలోకి వెళ్లి, బస్సు ఎక్కి, మీ అమ్మ దగ్గరికి పో. నా ఇంటికి రావద్దు, అతను ముందు అక్కడే వెతుకుతాడు.

నా గురించి ఆలోచించకు. బండి చూస్తానని అడుగుతాను, అతను సంతోషంగా షెడ్డులోకి తీసుకెళతాడు. పక్క సీట్లో ఎక్కి కూర్చుని, ఆ బెల్టును నాలుగు చోట్లా నేనే బిగించుకుంటాను. ముసలిదాన్ని, మోకాళ్లు వంగవు, వేళ్లకు బకిల్స్ తెలియవు, పైగా నోరు ఊరుకోదు. నన్ను అందులోంచి దించడానికి అతనికి చాలాసేపు పడుతుంది.

అంతసేపూ నీదే. వెనక్కి చూడకుండా నడువు.

అమ్మమ్మ